ముప్పై ఐదో చీటీ

2022లో వేసవి సెలవుల తర్వాత బడులు తెరిచినప్పుడు నేను గుణదల దగ్గర ఒక ప్రైవేటు హైస్కూల్లో లైఫ్ స్కిల్స్ టీచరుగా చేరాను. అంతకుముందు పదకొండేళ్ళు వేరే బడిలో సోషల్ చెప్పాను. లైఫ్ స్కిల్స్ అంటే కోపం వస్తే ఏం చెయ్యాలి, ఇష్టం లేని పనికి వద్దని ఎలా చెప్పాలి, ఎదుటి మనిషి మాట ఎలా వినాలి, ఇలాంటివి నేర్పడం. వీటిని పాఠంలా చెబితే పిల్లలు ఆవలిస్తారు. ఆటల్లాగా చేయించాలి. స్టాఫ్ రూములో మాత్రం దాన్ని ఖాళీ పీరియడ్‌కి పెట్టిన ముద్దుపేరు అనేవారు.

తొమ్మిదో తరగతికి నా క్లాసు గురువారం, మధ్యాహ్నం అన్నాల తర్వాత. ఆ ఏడాది పిల్లలు రెండేళ్ళు ఇంట్లో ఫోన్లు చూసుకుంటూ పెరిగి వచ్చారు. నలుగురిలో నోరు తెరవరు. అందుకని బడి తెరిచిన రోజే ఆ క్లాసుకి వెళ్ళి చీటీల డబ్బా సంగతి చెప్పి, మరుసటి వారం మొదటి క్లాసుకి ఒక బూట్ల డబ్బా మూతకి బెజ్జం పెట్టి తీసుకెళ్ళాను. దీన్ని మేము చెక్-ఇన్ అంటాం. ప్రతి ఒక్కరూ ఆ వారం తమకెలా ఉందో ఒక్క వాక్యం రాసి, పేరు పెట్టకుండా మడిచి డబ్బాలో వేస్తారు. నేను ఇంటికి తీసుకెళ్ళి చదువుకుంటాను. బయట చదవను, ఎవరు రాశారని ఆరా తియ్యను. ఆ మాట వాళ్ళకి ఇచ్చాను.

క్లాసులో ముప్పై నాలుగు మంది. ఆ రోజు అందరూ వచ్చారు. ఇంటికెళ్ళి లెక్కపెడితే ముప్పై ఐదు చీటీలు ఉన్నాయి.

ఎవరో రెండు వేశారనుకున్నాను. ముప్పై నాలుగూ నోటుపుస్తకంలోంచి చించిన కాగితాలే. ఒక్కటి మాత్రం టీపొడి అట్టపెట్టెలోంచి కత్తిరించిన ముక్క. లోపలి వైపు గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: ‘ఇక్కడ కిటికీ లేదు.’

మా తొమ్మిదో తరగతి గదికి నాలుగు కిటికీలు.

రెండో గురువారం ఇద్దరు రాలేదు. ముప్పై రెండు చీటీలు ఉండాలి. ముప్పై మూడు వచ్చాయి. అట్టముక్క మీద, ‘నన్ను ఇక్కడ ఎవరూ పేరు పెట్టి పిలవరు.’ మూడో వారం: ‘పైన పెద్ద చప్పుడు వస్తుంది. అప్పుడు నేల వణుకుతుంది. తర్వాత ఏమీ ఉండదు.’

ఆ మూడు అట్టముక్కల్నీ మా వంటింటి బల్ల మీద వరసగా పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. మా ఆయనకి ఆటోనగర్‌లో లారీ స్ప్రింగుల షాపు. నమాజు చేసుకుని వచ్చి, నా భుజం మీంచి వంగి చదివారు.

“ఏంటివి, సమాధిలోంచి రాసినట్టున్నాయి?”

“పిల్లల వేళాకోళం అయ్యుంటుంది.”

“వేళాకోళం అయితే నవ్వు రావాలి కదా నసీమా,” అన్నారాయన.

నాలుగో వారం జంటలుగా చేసే ఆట పెట్టాను. యాక్టివ్ లిజనింగ్ అంటాం, అంటే ఒకరు రెండు నిమిషాలు మాట్లాడతారు, రెండోవాళ్ళు అడ్డు రాకుండా విని, విన్నది తిరిగి చెప్పాలి. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో సర్దుతుంటే ఒక సంగతి గమనించాను. మూడో బెంచీలో కిటికీ పక్క చోటు ఖాళీగా ఉంది. పక్క బెంచీలో నలుగురు ఇరుక్కుని కూర్చున్నారు. వాళ్ళలో ఒకమ్మాయిని జరిగి అక్కడ కూర్చోమన్నాను. లేచింది కానీ కదల్లేదు.

“ఏమ్మా?”

“అది జెస్సీ ప్లేసు మేడమ్.”

“జెస్సీ ఎవరు? ఇవాళ రాలేదా?”

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి వెనక బెంచీ కుర్రాడొకడు చెప్పాడు. “చనిపోయింది మేడమ్. కరోనాలో.”

ఆ చోటు ముందు బల్ల మీద చాక్లెట్ ఒకటి ఉంది. ఆ రోజు ఎవరిదో పుట్టినరోజు. క్లాసులో పంచినప్పుడు జెస్సీకి కూడా ఒకటి పెట్టడం వాళ్ళ అలవాటట. ఈ ఏడాది మాత్రం పెట్టిన చాక్లెట్ బడి వదిలేసరికి ఉండదట. ఎవరు తీస్తారో ఎవరూ చూడలేదట. ఇదంతా ఒకమ్మాయి నాకు గొంతు తగ్గించి చెబుతుంటే మిగిలినవాళ్ళు నా మొహంలోకే చూస్తున్నారు, నేను నవ్వుతానేమోనని. నాకు నవ్వు రాలేదు.

వాళ్ళ క్లాస్ టీచరు సుందరరావు గారు లెక్కలు చెబుతారు. మెత్తటి మనిషి. స్టాఫ్ రూములో అడిగితే కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చెప్పారు.

“జెస్సీకి తండ్రి లేడండీ. తల్లి ఒక ఆస్పత్రిలో ఆయాగా చేసేది. సెకండ్ వేవ్‌లో ఆవిడ పోయింది. బడి తెరిచే ముందు ఆన్‌లైన్ క్లాసులకి పేర్లు రాసుకోవడానికి నేనే ఫోన్ చేశాను. మేనమామ తీశాడు. జెస్సీ ఉందా అంటే, ‘జెస్సీ లేదండీ, ఇక లేదు’ అన్నాడు. తల్లితోపాటే ఈ పిల్ల కూడా... ఇంకేం అడుగుతామండీ? అప్పుడు రోజుకో కబురు వినేవాళ్ళం. మర్నాడు ఆన్‌లైన్ క్లాసులో పిల్లలందరికీ చెప్పి, రెండు నిమిషాలు మౌనం పాటించమన్నాను. అందరూ కెమెరాలు ఆపేశారు. స్క్రీనంతా నల్లటి గళ్ళు.”

బీరువాలో పాత కాగితాల కట్ట వెతికి ఆయనే జెస్సీ ఏడో తరగతిలో రాసిన వ్యాసం ఒకటి తీసిచ్చారు. తల్లి గురించి రాసింది. రోల్ నంబర్ పదిహేడు. గుండ్రటి అక్షరాలు. ‘ళ’ రాసినప్పుడు చివర తోకని లోపలికి చుట్టేసింది, నత్తగుల్లలాగా. నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఉన్న అట్టముక్కలు రెండు తీసి పక్కన పెట్టాను. ‘పిలవరు’, ‘వణుకుతుంది’. ‘ళ’ లేదు. ఇంకోటి తీశాను. నాలుగో వారం చీటీ అది: ‘కళ్ళు మూసుకున్నా తెరిచినా ఒకటే.’ అందులో రెండు నత్తగుల్లలు ఉన్నాయి.

సుందరరావు గారు ఆ రెండు కాగితాలనీ మార్చి మార్చి చూశారు. “ఇది ఎక్కడిదండీ?” అని అడిగి, నేను చెప్పేలోపే లేచి వెళ్ళిపోయారు.

సంగతి తెలిసి హెడ్ మిస్ట్రెస్ గారు ఆ డబ్బా ఆపెయ్యమన్నారు. “చనిపోయిన పిల్ల చేతిరాతని ఎవరో అనుకరిస్తున్నారు. ఇంకో వారం పోతే దయ్యమంటారు, తల్లిదండ్రులు నా గదిలో కూర్చుంటారు. మనకెందుకమ్మా?” ఆవిడన్నదాంట్లో తప్పేమీ లేదు. నేను కూడా అలాగే అనుకున్నాను, స్నేహితురాలిని పోగొట్టుకున్న పిల్ల ఎవరో ఆమె అక్షరాలు దిద్దుకుని ఆమె పేరున బాధ చెప్పుకుంటోందని. అలా జరుగుతుంది. దుఃఖాన్ని దాచుకోమన్న చోట అది వేరే గొంతుతో మాట్లాడుతుంది. కాకపోతే ఆ వాక్యాలు దుఃఖంలాగా లేవు. ఎక్కడో ఒక చోటుని చూస్తూ రాసినట్టున్నాయి.

ఒక్క వారం గడువు అడిగాను. అయిదో గురువారం డబ్బా మూసే ముందు బోర్డు మీద రాశాను: ‘అట్టముక్క మీద రాస్తున్నవారికి. మీరెవరో చెప్పక్కర్లేదు. మీకేం కావాలో ఒక్క మాట రాయండి.’

మరుసటి వారం అట్టముక్క పెద్దగా ఉంది. రెండు వైపులా రాసి ఉంది.

‘మేడమ్, నాకేం కావాలో బోర్డు మీద రాసి అడిగారట. నాకేమీ వద్దు. నా కోసం అందరూ కెమెరాలు ఆపేసి రెండు నిమిషాలు ఊరుకున్నారట. అప్పుడు నేనేం చేస్తున్నానో గుర్తు లేదు. గిన్నెలు కడుగుతూ ఉండి ఉంటాను.’

రెండోసారి చదివినప్పుడు ఒక మాట దగ్గర ఆగిపోయాను. భయపెట్టింది గిన్నెల మాట కాదు. ‘అడిగారట’. నా క్లాసులో కూర్చుని బోర్డు చూసిన పిల్లయితే ‘అడిగారు’ అని రాస్తుంది. ‘అడిగారట’ అని రాసేది, అక్కడ లేకుండా ఎవరో చెబితే విన్న మనిషి. అంటే ఇన్ని వారాలుగా నా క్లాసుని ఎవరో బయటి నుంచి వింటున్నారు. ఆ మనిషికి గిన్నెలు ఉన్నాయి, అట్టపెట్టెలు ఉన్నాయి, ఒక పెన్సిలు ఉంది. చచ్చిపోయినవాళ్ళకి ఇవేవీ ఉండవు.

హెడ్ మిస్ట్రెస్ గారిని బతిమాలి డబ్బాకి గడువు పొడిగించుకున్నాను. ఏడో వారం ఒక్క శైలజే రాలేదు. ముప్పై మూడు మంది, ముప్పై మూడు చీటీలు. అట్టముక్క లేదు.

శైలజ నిడమానూరు నుంచి బస్సులో వస్తుంది. ముందు బెంచీలో కూర్చుని, అడిగితే తప్ప మాట్లాడని పిల్ల. ఎనిమిదో వారం తను డబ్బా దగ్గరికి వచ్చినప్పుడు ఆమె వేళ్ళనే చూశాను. మడిచిన కాగితం లోపల ఇంకో మడత ఉంది. మిగతా పిల్లల్ని గ్రౌండుకి పంపేసి, ఆమె ఎదురుగానే డబ్బా మూత తీశాను. అట్టముక్క మీద ఇలా ఉంది: ‘ఆదివారం నన్ను హైదరాబాదు పంపిస్తారట. ఇంక చీటీలు ఉండవు. పిల్లలందరికీ థ్యాంక్స్ చెప్పండి, చాక్లెట్లకి.’

“శైలూ,” అన్నాను, “ఎవరు రాశారో అడగనని మాటిచ్చాను. ఇప్పుడు ఆ మాట తప్పుతున్నాను. ఎవరికైనా ప్రమాదం ఉందనిపిస్తే తప్పాల్సిందే. జెస్సీ ఎక్కడుంది?”

ఆ పిల్ల బ్యాగుని గుండెకి హత్తుకుంది. “మీకు తను బతికే ఉందని తెలుసా మేడమ్?”

“ఇప్పుడే తెలిసింది. చెప్పు.”

ఏడుస్తూ, ఆగుతూ చెప్పింది. వాళ్ళమ్మ గన్నవరం ఎయిర్‌పోర్టుకి ఇవతల ఒక పెద్ద ఇంట్లో వంట చేస్తుంది. ఆదివారాలు సాయానికి శైలజ కూడా వెళ్తుంది. ఆ వేసవిలో మొదటిసారి వెళ్ళినప్పుడు, స్టోర్ రూము తలుపు తీసుకుని ఒక అమ్మాయి బియ్యం డబ్బాతో బయటికి వచ్చింది. ఏడో తరగతిలో తన పక్కన కూర్చున్న పిల్ల.

“నేను అరిచేసి వీధిలోకి పరిగెత్తాను మేడమ్. మా అమ్మ వచ్చి ఏంటే అంటే చెప్పలేకపోయా. మళ్ళీ ఆదివారం వెళ్ళనంటే కొట్టింది. వెళ్తే, తను పెరట్లో గిన్నెలు తోముతోంది. దగ్గరికి రాలేదు. నన్ను చూసి మెల్లిగా, రోల్ నంబర్ సెవెంటీన్ అంది. అంతే. పేరు కూడా చెప్పలేదు.”

“మీ అమ్మకి తెలుసా?”

“పనమ్మాయి అనుకుంటది. వాళ్ళింటి విషయాలు మనకెందుకు, నోరు మూసుకో అంటది. జెస్సీ కూడా ఎవరికీ చెప్పొద్దంది. ఎవరైనా వస్తే వేరే ఊరు పంపించేస్తామని వాళ్ళు చెప్పారంట. నేను మీ డబ్బా గురించి చెప్తే, నేనూ ఒకటి రాయనా, బళ్ళో ఉన్నట్టు ఉంటది అంది. చాక్లెట్లు కూడా నేనే తీసుకెళ్ళేదాన్ని మేడమ్. దొంగతనం కాదు.”

“కాదమ్మా,” అన్నాను.

హెడ్ మిస్ట్రెస్ గారి గదిలో చైల్డ్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. ఆవిడ వద్దనలేదు. “మనమే చనిపోయిందని రిజిస్టర్లో పేరు కొట్టేశాం కదమ్మా,” అని మాత్రం రెండుసార్లు అన్నారు.

మర్నాడు ఉదయం పదకొండు గంటలకి హెల్ప్‌లైన్ నుంచి పద్మావతి గారు, మామూలు చీరలో వచ్చిన ఒక మహిళా కానిస్టేబులు, నేను ఆ ఇంటికి వెళ్ళాం. రెండంతస్తుల ఇల్లు. ముందు క్రోటన్ కుండీలు, గేటుకి కొత్త రంగు. ఇంటావిడ చాలా మర్యాదగా లోపలికి పిలిచి, సోఫాలో కూర్చోబెట్టి, ఫ్యాను పెంచారు.

“పిల్లల సర్వే అండీ,” అన్నారు పద్మావతి గారు. “మీ ఇంట్లో పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళు ఎవరైనా ఉన్నారా?”

“లేరండీ. మా అబ్బాయి బెంగుళూరులో ఉద్యోగం. నేనూ మా ఆయనే.” ఆవిడ నవ్వుతూ, మెడ తిప్పకుండానే లోపలికి కేకేశారు. “ఏయ్, మంచినీళ్ళు పట్రా!”

తాను ఏమన్నదీ ఆవిడకి తెలియలేదు. పిల్లలు లేరని చెప్పిన నోటితోనే, అదే ఊపిరిలో పిలిచారు. అబద్ధమాడుతున్న మొహం కాదది. నిజంగానే ఆ ఇంట్లో పిల్ల ఉందన్న సంగతి ఆవిడ లెక్కలో లేదు.

ట్రే పట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది. ముందు రోజు హెడ్ మిస్ట్రెస్ గారి గదిలో చూసిన పాత బడి ఫోటోలోని బుగ్గలు లేవు. చెప్పుల్లేవు. పెద్దవాళ్ళ నైటీ ఒకటి మడమల దాకా వేలాడుతోంది. ఆమె మధ్య గదిలోకి వచ్చేసరికి పైన చప్పుడు మొదలైంది. విమానం ఇంటి నెత్తి మీదే దిగుతున్నట్టు గోడలు దద్దరిల్లాయి. ట్రేలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి గణగణలాడాయి. పాదాల కింద నేల వణికింది. ఆ అమ్మాయి కదలకుండా నిలబడింది, చప్పుడు పోయేదాకా అలా ఆగడం అలవాటైనట్టు.

“జెస్సీ,” అన్నాను.

పలకలేదు. తల ఎత్తలేదు.

“జెస్సీ, అమ్మా.”

ఆమె వెనక్కి తిరిగి చూసింది, తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను అంతగా భయపెట్టిన దృశ్యం ఇంకోటి లేదు. బతికున్న పిల్ల, తన పేరు ఇంకెవరిదో అనుకుని వెతుకుతోంది.

కానిస్టేబుల్ వెళ్ళి ఆమె చేతిలోంచి ట్రే తీసుకుంది. అప్పుడు జెస్సీ నా వైపు చూసి, చాలా మెల్లిగా అడిగింది. “మీరు చీటీల మేడమా?”

ఇంటావిడ లేచి నిలబడ్డారు. “దిక్కులేని పిల్లండీ. వాళ్ళ మావయ్య తెచ్చి అప్పజెప్పాడు. కూతుర్లా చూసుకుంటున్నాం. మేమేం చేశామని?” ఆవిడకి నిజంగానే కన్నీళ్ళు వచ్చాయి.

మెట్ల కింద స్టోర్ రూములో ఒక చాప, దుప్పటి, ఏడో తరగతి తెలుగు వాచకం ఉన్నాయి. వాచకం పేజీల మధ్య చాక్లెట్ కాగితాలు గోటితో సాపు చేసి పెట్టుకుంది. కిటికీ లేదు. తలుపు వేస్తే ఎలా ఉంటుందో చూద్దామని లోపల నిలబడి వేశాను. పది లెక్కపెట్టేలోపే తీసేశాను.

తర్వాతి సంగతులు చాలావరకు కాగితాల మీద జరిగాయి. కేసు పెట్టారు. మేనమామని పిలిపిస్తే, “నేను చచ్చిపోయిందని ఎప్పుడన్నానండీ? ఊళ్ళో లేదన్నాను. మాస్టారే వేరేగా అనుకున్నారు,” అన్నాడు. అది అబద్ధమని ఎవరూ రుజువు చెయ్యలేకపోయారు. శైలజ వాళ్ళమ్మకి ఆ ఇంట్లో పని పోయింది. నెల తిరక్కుండా ఇంకో ఇల్లు దొరికింది కానీ, ఆవిడ నాతో ఇప్పటికీ ముభావంగానే ఉంటుంది. జెస్సీని నగరంలో ఒక బాలికల హోంలో ఉంచి, దసరా సెలవుల తర్వాత మా బడికే పంపడానికి ఒప్పుకున్నారు.

ఆ రోజు కోసం పిల్లల్ని నేను సిద్ధం చేశాననుకున్నాను. ఎలా పలకరించాలో రోల్ ప్లే కూడా చేయించాను, అంటే తలా ఒక పాత్ర వేసి ముందే అభ్యాసం చెయ్యడం. తీరా ఆమె గుమ్మంలో నిలబడేసరికి ఒక్కరూ లేవలేదు. చనిపోయిందని నమ్మి, ఏడ్చి, ఏడాదికి పైగా చాక్లెట్లు పెట్టుకున్న పిల్ల నడిచి వస్తుంటే ఏం చెయ్యాలో ఏ రోల్ ప్లేలోనూ లేదు. మొదటి బెంచీలో ఒకమ్మాయి చెయ్యి చాపి, జెస్సీ మోచేయి మీద వేలితో తాకి, చటుక్కున వెనక్కి తీసుకుంది. “వెచ్చగానే ఉంది,” అంది పక్కనున్న పిల్లతో. ఎవరో వెక్కడం మొదలుపెట్టారు.

జెస్సీ ఏడవలేదు. క్లాసు మధ్యలో నిలబడి అడిగింది. “మా ఇల్లు కాలువ కట్ట పక్కనే కదా. బడి నుంచి పది నిమిషాలు. ఒక్కళ్ళన్నా వచ్చి చూశారా?”

వెనక గుమ్మం దగ్గర నిలబడి ఉన్న సుందరరావు గారు ముందుకి వచ్చారు. “వాళ్ళది కాదమ్మా తప్పు. నాది. నేను సరిగ్గా అడగలేదు. ఒక మాట విని ఫోన్ పెట్టేశాను. నన్ను క్షమించు.”

జెస్సీ ఆయన వైపు చాలాసేపు చూసింది. పర్వాలేదు సార్ అనలేదు. ఇప్పటికీ అనలేదు. వెళ్ళి శైలజ పక్కన కూర్చుని పుస్తకం తీసింది. పదో తరగతి అక్కడే పూర్తి చేసింది. తర్వాత హోంలోనే ఉండి ఇంటర్ చదువుకుంది. ఆ మాట అనకపోవడం కోపమో, ఇంకేమిటో నాకు తెలియదు. దాన్ని పోగొట్టడం నా పని కాదని మాత్రం తెలుసుకున్నాను.

నన్ను ఎక్కువ బాధించే సంగతి ఇంకోటుంది. ఎనిమిది వారాలు నేను ఆ పిల్లని ఒక వింత చేతిరాతలాగా ఇంట్లో బల్ల మీద పరుచుకుని చూశాను. కిటికీ లేదని ఆమె రాస్తే, ఎంత చిత్రంగా రాసిందో అనుకున్నాను కానీ, కిటికీ లేని గది ఎక్కడుందని అడగలేదు. ఎదుటివాళ్ళ మాట వినడం ఎలాగో నేర్పే టీచర్ని నేను.

అప్పటి నుంచి మా బడిలో ఏ పిల్లయినా వరసగా మూడు రోజులు రాకపోతే నేను ఇంటికి వెళ్తాను. ఫోనులో చెప్పిన మాట సరిపోదు. ఆ పిల్లని కళ్ళతో చూసి వస్తాను. కొందరు తల్లులు నవ్వుతారు, కొందరికి చిరాకు. పోయిన ఏడాది ఉయ్యూరులో కొత్త టీచర్ల శిక్షణలో ఈ సంగతి చెబితే, వెనక వరసలో కూర్చున్న ఒక అమ్మాయి లేచి అడిగింది.

“మేడమ్, అంత దూరం వెళ్ళాక, ఫోనులో విన్నదే నిజమైతే? ఆ పిల్ల నిజంగానే చనిపోయి ఉంటే?”

“అప్పుడు తప్పకుండా వెళ్ళాల్సిందే కదమ్మా,” అన్నాను.